మందు - దాని ధర

‘రాచపుండు’ అను మాటను మన ఇండ్లలో పెద్దలు గొంతు తగ్గించి పలికెడివారు. ఆ మాటలో వ్యాధి కంటె మరణమే ముందు వినిపించెడిది. రక్తమునకు వచ్చు ఒక రకపు క్యాన్సరు విషయములో ఆ భయమును చాలవరకు తగ్గించినది ఒక మాత్ర. అయితే ఆ ఘనత అంతయు ప్రయోగశాలకే చెందదని నా అభిప్రాయము.

కణము ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు విభజన చెందవలెనో తెలుపు సంకేతములు దానికి అందుచుండును. వానిని కణము లోపల చేరవేయు ఎంజైములలో కైనేజులు ముఖ్యమైనవి. ఏ.టి.పి. అను అణువు నుండి ఒక ఫాస్ఫేటును తీసి వేరొక ప్రొటీనుకు తగిలించుట వీని పని. దీపమునకు స్విచ్చి ఎట్టిదో కణమునకు ఇది అట్టిది. ఆ స్విచ్చి ఆరకుండ బిగిసిపోయినచో కణములు అదుపు తప్పును.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో జరుగునది ఇదే. 1960లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫోర్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల కణములలో పొట్టిదైన ఒక క్రోమోజోమును గుర్తించిరి. 9వ, 22వ క్రోమోజోములు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకొనుటయే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ చూపెను. ఆ అతుకు నుండి పుట్టిన కైనేజు విశ్రాంతి ఎరుగనిది. ఏ.టి.పి. కూర్చుండు చోట తాను కూర్చుండి దానిని నిలిపివేయు మందు ఇమాటినిబ్. అమెరికాలో ఇది 2001లో అనుమతి పొందినది. అన్ని క్యాన్సర్లకు ఇట్లు ఒకే స్విచ్చి ఉండదు. కొందరిలో ఈ మందునకు లొంగని మార్పులును వచ్చును.

ఈ మాత్రను ఏండ్ల తరబడి ప్రతిదినము మ్రింగవలెను. చిక్కంతయు ఇక్కడనే. మన దేశములో నోవార్టిస్ కంపెనీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండగా, దేశీయ కంపెనీల మందు సుమారు 10,000 రూపాయలకే దొరికెడిది. ఆ మందు యొక్క ఒక స్ఫటిక రూపమునకు నోవార్టిస్ కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించెను. ఆ పేటెంటును ఎదిరించిన వారిలో మన హైదరాబాదు నాట్కో కంపెనీయు ఉండెను. రోగి దృష్టిలో ఈ తీర్పు 1960 నాటి పరిశోధనకు ఏమాత్రము తీసిపోదు.

నోవార్టిస్ వారు పలువురు పేదలకు మందును ఉచితముగ ఇచ్చిరన్నది నిజమే. క్రొత్త మందునకు పెట్టుబడి కావలెననుటయు నిజమే. కాని ఒకరి దయ మీద అందు మాత్ర రేపు ఆగిపోవచ్చును. కైనేజు మాత్రము ఆగదు. జకాతును మనము దయ అనము, పేదవాని హక్కు అందుము. మందునకు ఆ న్యాయము వర్తింపదా?

మన విద్యార్థులు పరీక్షలో ఎంజైము బొమ్మను చక్కగా గీయుదురు. ఆ మాత్ర నెల ఖర్చు ఎంతయని వారిని ఎవరును అడుగరు. జీవశాస్త్ర, అర్థశాస్త్ర విద్యార్థులను ఒకే వేదికపై కూర్చుండబెట్టి వచ్చే ఏడాది ఈ విషయముపై చర్చ జరిపింపవలెనని కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను.