సహాయక యంత్రములు – తెలుగక్షరములు

శ్రీ సత్యసాయి జిల్లాలోని ఓబులదేవరచెరువు పేరును కాగితముపై వ్రాసి లెక్కించినచో 9 అక్షరములు. కంప్యూటరు లెక్క వేఱు. యూనికోడు పద్ధతిలో గుణింతపు గుర్తులకు ప్రత్యేక సంకేతము లుండుటచే ఆ పేరునకు 14 సంకేతములు పట్టును. ఈ భేద మెఱుగని ప్రోగ్రాము, తొమ్మిది అక్షరములే కదా యని తొమ్మిదవ సంకేతముకడ కోసినయెడల 'ఓబులదేవరచ' అని మిగులును. పట్టాదారు పాసుపుస్తకములోనో బ్యాంకు రశీదులోనో ఊరిపేరిట్లు తెగినచో, దిద్దించుకొనుటకు తిరుగవలసినవాడు రైతే.

పూర్వము ప్రోగ్రాములను మనుష్యులే వ్రాయుచుండిరి. నేడు కృత్రిమమేధా సహాయక యంత్రములును వ్రాయుచున్నవి. అవి సమస్తమును క్రొత్తగా కల్పింపవు. ఇతరులు ముందే వ్రాసి కూర్చియుంచిన ఆదేశ భాండారములను, అనగా సాఫ్టువేరు లైబ్రరీలను, వాడుకొనును. వానిని వాడు విధము యంత్రమునకు కొంత తాను నేర్చిన పాత వ్రాతలవలనను, కొంత ఎదుటనుంచిన వివరణపత్రము వలనను తెలియును. వివరణము లోపించినచోట, ఉండునని తోచిన పేరునే నిజమైనదానివలె వ్రాసివేయుట కలదు.

పాత వ్రాతల నమ్ముకొనుటలోని చిక్కునకు ఒక్క నిదర్శనము చాలును. 'స్త్రీ' అనునది మనకొక యక్షరము. యూనికోడునకు 6 సంకేతములు. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1 కూర్పునకు పూర్వపు విభజన నియమముల ననుసరించు లైబ్రరీ దానిని మూడు ముక్కలు చేయును. క్రొత్త నియమముల ననుసరించునది ఒక్కటిగా నిలుపును. తానే కూర్పు ననుసరించుచున్నదో లైబ్రరీ స్పష్టముగా చెప్పనిచో యంత్ర మెట్లు గ్రహించును?

కావున లైబ్రరీ కర్తలు చేయవలసిన పని విశదమే. వివరణమంతయు సాదా వ్రాతలో ఒక్కచోట నుండవలెను. ఉదాహరణములు ప్రతి కూర్పునందును నడపి పరీక్షింపబడినవి కావలెను. తొలగించిన పేరునకు బదులు వాడదగినదేదో చెప్పవలెను. తప్పు జరిగినపుడు వచ్చు సందేశము, తప్పిదమునే గాక దాని సవరణను గూడ తెలుపవలెను. ఇట్టి వివరణముల జాడను యంత్రములకు సాదా వ్రాతలో నందించు పద్ధతిని 2024లో జెరెమీ హొవర్డు ప్రతిపాదించెను.

యంత్రమునకై యింత శ్రమ యేలయని కొంద రడుగవచ్చును. యంత్రమునకు స్పష్టమైన వివరణము, హిందూపురములోనో ధర్మవరములోనో క్రొత్తగా ప్రోగ్రాములు నేర్చు విద్యార్థికిని స్పష్టమే. ఒకరికై చేసిన పని యిరువురకు నుపకరించును.

ఇందు మన కర్తవ్యమును గలదు. ఉదాహరణము లన్నియు ఇంగ్లీషు పేర్లతోనే యున్నంతకాలము, ఒత్తులును గుణింతములును తెగిన సంగతి పరీక్షలో బయటపడదు. తెలుగు మాటలతో ఉదాహరణములను వ్రాసి, బహిరంగ లైబ్రరీల కర్తలకు పంపుట మన యువకులకు సాధ్యమైన పని. ప్రభుత్వ శాఖలును బ్యాంకులును ప్రోగ్రాములను స్వీకరించుటకు ముందు తెలుగు పేర్లతో పరీక్షింపుమని షరతు విధింపవలెను.

1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమమునకు సంఘ మేర్పఱచిన పెద్దలు, గ్రంథములుండిన చాలదు, చదువరి చేతి కందవలెనని యెఱిగిరి. నేటి లైబ్రరీలకును ధర్మమదియే. మన యక్షరముల లెక్కను మనము చెప్పనినాడు, అన్యులు చెప్పిన తప్పులెక్కయే మన దస్తావేజులలో నిలిచిపోవును.