ముందు పవర్ సప్లై, ఆ తరువాతే రోబో

హౌరా – ముంబై రైలు మార్గంలో దుర్గ్‌కు దగ్గరగా వచ్చే స్టేషను భిలాయ్ పవర్ హౌస్. స్టేషను పక్కనే పెద్ద బజారు. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ బజారు చుట్టుపక్కల, క్యాంపు ప్రాంతాల్లో, ఖుర్సీపార్‌లో స్థిరపడ్డాయి. ఇళ్లలో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేదా ఇంగ్లిషు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలందరూ ఒకేలా చదవగలిగే లిపి ఒకటి ఉంది. అది సర్క్యూట్ పటం. రెసిస్టరు గుర్తు, కెపాసిటరు గుర్తు ఏ భాషలోనూ మారవు.

అయితే ఆ లిపిని చదవడం పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 6 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థుల కోసం బడుల్లో టింకరింగ్ ల్యాబ్‌లు పెడుతోంది. ఇలాంటివి ఇప్పటికే దేశంలో 10,000 ఉన్నాయి. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ఏర్పాటు చేస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇది మంచి నిర్ణయం. కానీ ఆ బల్లల మీద పిల్లలు మొదట ముట్టుకునే వస్తువు ఏది అన్నదాన్ని బట్టి ఈ ఖర్చు ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఎక్కువగా కనిపించేది సిద్ధంగా ఉన్న కిట్టు. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, నాలుగు సెన్సర్ మాడ్యూళ్లు, రెండు మోటార్లు ఉంటాయి. తీగలు గుచ్చి, ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కిస్తే గంటలో రోబో నడుస్తుంది. పిల్లలకు ఆనందం, ప్రదర్శనకు వచ్చిన అతిథులకు ఫొటో. మరుసటి వారం అదే రోబో ఆగిపోతే ఏం చేయాలి? బోర్డు మార్చాలి. అంతకు మించి ఏమీ తోచదు. మాడ్యూల్ అంటే మూత తీయని డబ్బా. దాన్ని వాడటం వచ్చింది గానీ, లోపల ఏం జరుగుతోందో తెలియలేదు.

అందుకే మొదటి పాఠంగా రోబో కాకుండా రెండు పాత సర్క్యూట్లు ఉండాలి. ఒకటి పవర్ సప్లై, రెండోది ఆసిలేటర్. విడిభాగాలు కొని, చేత్తో టంకం పెట్టి, చెడిపోతే వెతికి బాగుచేసుకోవాలి. పాతవాటి మీద మమకారంతో చెప్పే మాట కాదిది. ఈ రెండూ చేసే క్రమంలో విద్యార్థికి ఎదురయ్యే తప్పులే అసలు పాఠ్యపుస్తకం.

హమ్ నేర్పే లెక్క

ఒక విద్యార్థి 12 వోల్టుల పవర్ సప్లై చేయాలనుకున్నాడనుకుందాం. 230 వోల్టులను 12కు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 7812 రెగ్యులేటర్ ఐసీ. పటం ప్రకారం అన్నీ కలిపాడు. దానితో చిన్న ఆంప్లిఫయర్ నడిపితే స్పీకరులో పాటతో పాటు 'హుం' అని ఒక మోత. అందరూ చేసినట్టే ఐసీ పోయిందని ఇంకొకటి మార్చాడు. మోత పోలేదు.

ఇక లెక్క వేయక తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 12 వోల్టుల ఏసీకి శిఖరం 1.414 రెట్లు, అంటే దాదాపు 17 వోల్టులు. కరెంటు ఒక్కోసారి రెండు డయోడ్లను దాటాలి కాబట్టి సుమారు 1.4 వోల్టులు అక్కడ పోతాయి. మిగిలేవి 15.5. మన సరఫరా 50 హెర్ట్జ్‌లది కాబట్టి బ్రిడ్జి తరువాత కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. రెండు నింపుళ్ల మధ్య సెకనులో నూరో వంతు సేపు ఆంప్లిఫయర్‌కు కరెంటు ఇవ్వాల్సింది ఆ కెపాసిటరే. అర ఆంపియరు తీసుకుంటే 1000 మైక్రోఫారడ్ల మీద వోల్టేజి ఆ వ్యవధిలో సుమారు 5 వోల్టులు పడిపోతుంది. అంటే 15.5 నుంచి 10.5కు దిగుతుంది. 12 వోల్టులు స్థిరంగా ఇవ్వాలంటే 7812కు లోపలికి కనీసం 14 వోల్టులు అందాలి. అందడం లేదు. సెకనుకు 100 సార్లు అది చేతులెత్తేస్తోంది. వినిపిస్తున్న మోత అదే. ఐసీ తప్పేమీ లేదు.

కెపాసిటర్‌ను 4700 మైక్రోఫారడ్లకు మారిస్తే పతనం ఒక వోల్టుకు తగ్గుతుంది. మోత ఆగిపోతుంది. కానీ కథ అంతటితో అయిపోదు. సాయంత్రం వీధిలో అందరూ కూలర్లు, మోటార్లు వేశాక సరఫరా 210 వోల్టులకు దిగితే మోత మళ్లీ మొదలవుతుంది. శిఖరమే తగ్గిపోయింది మరి. అప్పుడు 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఆ బెడద తీరుతుంది గానీ, రెగ్యులేటర్ మీద ఏడు వోల్టులకు పైగా అదనంగా పడి, మూడున్నర వాట్లు వేడిగా మారతాయి. వేలు పెడితే చురుక్కుమంటుంది. ఇక హీట్‌సింక్ బిగించాలి.

ఇంతా చేసి తయారైనది బజారులో రెడీమేడ్‌గా దొరికే అడాప్టరు పాటి వస్తువే. కానీ ఆ విద్యార్థి మూడు విషయాలు నేర్చుకున్నాడు. లోపం కనబడిన చోటే కారణం ఉండనక్కరలేదు. కొలవకుండా భాగాలు మార్చడం బాగుచేయడం కాదు. ఒక చోట భద్రత కోసం ఎక్కువ పెట్టుకుంటే మరో చోట దాని మూల్యం వేడి రూపంలో చెల్లించాలి. ఇంజనీరింగ్ కళాశాలలో నాలుగేళ్లు చదివినా ఈ మూడూ ఒంటబట్టని వారు ఉంటారు.

కంటికి కనిపించేది, చెవికి వినిపించేది

ఆసిలేటర్ పాఠం ఇంకా తేలిక. హాన్స్ కామెంజిండ్ అనే ఇంజనీరు 1971లో రూపొందించగా, సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో అమ్మకానికి తెచ్చిన 555 టైమర్ ఐసీ ఇప్పటికీ పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. దాని పని చెరువు, తూము లాంటిది. కెపాసిటర్‌లో వోల్టేజి సరఫరాలో మూడింట రెండు వంతులకు చేరగానే తూము తెరుస్తుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మూస్తుంది. మళ్లీ నిండడం, మళ్లీ ఖాళీ కావడం.

1 కిలో ఓమ్, 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే సూత్రం ప్రకారం ఎల్ఈడీ సెకనుకు 1.05 సార్లు, అంటే నిమిషానికి 63 సార్లు వెలగాలి. గడియారం పెట్టుకుని లెక్కపెడితే 55 రావచ్చు, 70 రావచ్చు. సూత్రం తప్పా? కాదు. మార్కెట్లో దొరికే మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ రాసిన దానికి 20 శాతం అటూ ఇటూ ఉండటం సాధారణం. పుస్తకంలోని సంఖ్యకూ చేతిలోని వస్తువుకూ తేడా ఉంటుందని పిల్లలకు ఇంత చవకగా చూపే ప్రయోగం మరొకటి దొరకడం కష్టం.

ఇప్పుడు ఆ కెపాసిటర్‌ను వెయ్యో వంతుకు, అంటే 0.01 మైక్రోఫారడ్‌కు తగ్గించి, ఎల్ఈడీ స్థానంలో మరో కెపాసిటర్ ద్వారా చిన్న స్పీకర్ కలపాలి. మిణుకుమిణుకుమన్నది కాస్తా దాదాపు 1000 హెర్ట్జ్‌ల ఈలగా వినబడుతుంది. కంటికి కనిపించిన కంపనం, చెవికి వినిపించే కంపనం ఒకటేనని అర్థమైన క్షణం ఏ ఉపన్యాసంలోనూ దొరకదు.

భిలాయ్ పిల్లలకు ఈ పాఠం ఇంటి పక్కనే ఉంది. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఇక్కడ తయారైన పట్టాల మీదే దేశంలో రైళ్లు నడుస్తున్నాయి. ఆ పట్టాల లోపల పగుళ్లు ఉన్నాయేమో చూసేది అతిధ్వని పరీక్షతో. ఒక స్ఫటికాన్ని విద్యుత్తుతో గంట కొట్టినట్టు కంపింపజేసి, చెవికి అందని ఆ శబ్దాన్ని ఉక్కులోకి పంపి, పగులు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటారు. 555తో స్పీకర్‌ను మోగించిన విద్యార్థి ఈ విద్యకు మొదటి మెట్టు ఎక్కినట్టే.

నల్లా వాషర్లతో రేడియో

చిన్న సర్క్యూట్లు ఎక్కడికి తీసుకెళ్తాయని అడిగేవారికి చరిత్రలో జవాబులున్నాయి. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ మొదటి ఉత్పత్తి 1939 నాటి ఆడియో ఆసిలేటరే. దాని కంపన పరిమాణం స్థిరంగా ఉండటానికి విలియం హ్యూలెట్ వాడింది ఒక చిన్న బల్బు. కంపనం పెరిగితే ఫిలమెంటు వేడెక్కి నిరోధం పెంచుతుంది, కంపనాన్ని అదుపులోకి తెస్తుంది.

తెలుగు నేల మీద ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్ అనే హామ్ రేడియో ఔత్సాహికుడు బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్‌ను రూపొందించారు. విదేశాల నుంచి తెప్పించాల్సిన ఖరీదైన భాగాలు లేకుండా, దుకాణంలో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతో అది పనిచేయాలన్నది ఆయన పట్టుదల. తీగచుట్టల కోసం దిగుమతి కోర్లకు బదులు నల్లాలకు వాడే వాషర్ల మీద రాగితీగ చుట్టారు. ఆ డిజైన్‌ను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడంతో ప్రపంచంలో ఎన్నో దేశాల వారు దాన్ని కట్టుకున్నారు. ప్రసారం చేయడానికి లైసెన్సు కావాలి, అది వేరే సంగతి. కానీ వాషర్‌ను చూసి తీగచుట్ట కోర్‌ను ఊహించగలిగే కన్ను కిట్టులో పెట్టి అమ్మేది కాదు. భాగాల స్వభావం తెలిసిన చేతికే ఆ కన్ను వస్తుంది.

అభ్యంతరాలు న్యాయమైనవే

కాలం మారింది, నేడు కావలసింది ప్రోగ్రామింగ్ కదా అని కొందరు అంటారు. నిజమే, మైక్రోకంట్రోలర్‌ను పక్కన పెట్టమని ఎవరూ అనరు. వరుస మార్చమనే విన్నపం. తాను చేసిన పవర్ సప్లైతో బోర్డు నడిపిన విద్యార్థికి, మోటారు తిరగగానే బోర్డు ఎందుకు రీసెట్ అవుతోందో తెలుస్తుంది. వోల్టేజి కుంగిందని మీటరు పెట్టి చూస్తాడు. మిగతా వాళ్లు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

రెండో అభ్యంతరం భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 230 వోల్టులు ప్రాణం తీస్తాయి. కాబట్టి 6, 7 తరగతుల పిల్లలు బ్యాటరీతో 555 దగ్గర మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు పనంతా ఫ్యూజు, ఎర్త్‌తో సహా అనుభవమున్న పెద్దవారు చేసి, మూసిన పెట్టెలో ఇవ్వాలి. పిల్లలు ముట్టుకునేది 12 లేదా 15 వోల్టుల వైపు మాత్రమే. మొబైల్ ఛార్జరు విప్పడం మాత్రం అసలు వద్దు. దాని లోపలి కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది; ప్లగ్గు తీసినా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను తిరగేసి కలిపితే పేలుతుంది, కనుక కళ్లద్దాలు తప్పనిసరి.

మూడోది, నేర్పేవారేరీ అన్న ప్రశ్న. దీనికి భిలాయ్ లాంటి ఊళ్లలో జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. కర్మాగారంలో జీవితమంతా లోపాలు వెతికిన ఎలక్ట్రీషియన్లు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లు ఉద్యోగ విరమణ చేసి ఇదే ఊళ్లో ఉంటారు. టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్‌లు ఏ బజారులోనైనా ఉంటారు. వారానికి ఒక పూట గౌరవ వేతనంతో వారిని ల్యాబుకు పిలిస్తే చాలు. వారి దగ్గరున్నది ఏ పుస్తకంలోనూ పూర్తిగా రాయని విద్య. చూడటం, వినడం, వాసన పట్టడం, ఆపైన కొలవడం. ఆ తరం వెళ్లిపోయాక దాన్ని ఏ గ్రాంటుతోనూ కొనలేం.

ల్యాబు నిర్వాహకులు చేయాల్సిన మార్పు పెద్దదేమీ కాదు. ప్రతి విద్యార్థికి ఒక మల్టీమీటరు, కొన్ని వందల రూపాయల విడిభాగాలు, ఒక నోటు పుస్తకం ఇవ్వాలి. ఆ పుస్తకంలో చేసిన సర్క్యూట్లతో పాటు చెడిపోయినవి కూడా రాయాలి. ఏం జరుగుతుందనుకున్నాడు, ఏం జరిగింది, ఎలా కనుక్కున్నాడు. మార్కులు రోబో పరుగుకు కాకుండా ఆ పేజీలకు వేయాలి. కాలిపోయిన ఐసీని దాచిపెట్టే పిల్లవాడి కన్నా, దాన్ని పేజీకి అతికించి కారణం రాసిన పిల్లవాడికి ఎక్కువ మార్కులు రావాలి.

ఉక్కు ఊరి పిల్లలకు ఈ మాట కొత్త కాదు. కొలిమి ఆగినప్పుడు కొత్త కొలిమి కొనరు. ఎక్కడ, ఎందుకు ఆగిందో కనుక్కుంటారు. వాళ్ల తాతలు, తండ్రులు చేసిన పని అదే. బడిలో కొత్తగా వచ్చే బల్ల మీద కూడా అదే పని మొదలు కావాలి.