గుజ్జు అరిగిపోలేదు

ఈసారి వ్యాకరణం లేదు. మోకాళ్ళ గురించి రాస్తున్నాను. అంటే, మోకాళ్ళ గురించి మనవాళ్ళు అనే ఒక మాట గురించి. ఆ మాట మీద నాకు కోపం ఉంది.

గుజ్జు అంటే మొన్నటి దాకా నాకు తెలిసింది వంటింటి గుజ్జు ఒక్కటే. చింతపండు నానబెట్టి పిసికితే వచ్చేది. మామిడిపండు లోపల ఉండేది. ఫిబ్రవరిలో విజయవాడలో ఉన్న మా పెద్దమ్మతో వీడియో కాల్‌లో, "పరుగెత్తడం మొదలుపెట్టాను, మోకాలు నొప్పిగా ఉంది" అన్నాను. పెద్దమ్మ వెంటనే, "అయ్యో, గుజ్జు అరిగిపోయి ఉంటుంది తల్లీ. ఆ పరుగులు మానెయ్" అంది. నాకు ముప్పై ఏళ్ళు. నా మోకాల్లో చింతపండు ఎక్కడిదా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను.

అసలు జరిగింది చెప్తాను. మేం మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో ఉంటాం. కొత్త సంవత్సరానికి అందరిలాగే నేనూ ఒక నిర్ణయం తీసుకున్నాను. కౌచ్ టు ఫైవ్ కె అనే పద్ధతి ఉంది కదా, జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో తయారు చేశాడు. మొదటి వారం అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, మళ్ళీ పరుగు. వారానికి మూడు రోజులే. తొమ్మిది వారాలు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. నాకు ఓపిక లేదు. మొదటి వారం సులువుగా ఉందని నేరుగా నాలుగో వారానికి దూకాను. పైగా రోజూ పరుగెత్తాను. మూడు వారాలు అయ్యేసరికి మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. కారులో గంట కూర్చుని లేస్తే ఇంకా నొప్పి.

ఇంట్లో అందరూ "మానెయ్" అన్నారు. జిమ్‌లో ఒకతను "ఓర్చుకో, నొప్పి లేకపోతే ఫలితం లేదు" అన్నాడు. ఈ రెండు సలహాలూ తప్పే అని ఇప్పుడు నా అభిప్రాయం. కానీ మొదటిదే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అది ప్రేమతో చెప్తారు.

ఫిజియో దగ్గరికి వెళ్ళాను. (ఆస్ట్రేలియాలో దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు, 1976 నుంచి నేరుగా వెళ్ళొచ్చు. నాకు తెలియక రెండు వారాలు ఊరికే ఆగాను.) ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: ఎలాంటి నొప్పి? ఇంగ్లీషులో నా దగ్గర ఉన్న మాటలు రెండో మూడో. ఇంటికి వచ్చి అమ్మను అడిగితే ఎన్ని చెప్పిందో. పీకుతోందా, సలుపుతోందా, లాగుతోందా, పోటా, జివ్వుమంటోందా, కలుక్కుమందా? నాది మెట్ల మీద జివ్వుమంటుంది, రాత్రి పీకుతుంది. ఇన్ని మంచి మాటలు ఉన్న భాష, కారణం అడిగితే మాత్రం అందరికీ ఒకే మాట చెప్తుంది. గుజ్జు అరిగిపోయింది.

నాది ఆ గుజ్జు సంగతే కాదు. మోకాలి చిప్ప దగ్గర వచ్చే మామూలు నొప్పి. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళలో చాలామందికి వస్తుంది. కాలు అలవాటు పడకముందే నేను బరువు పెంచేశాను, అంతే. ఫిజియో నా తుంటి కండరాలు బలహీనంగా ఉన్నాయి అంది. నొప్పి మోకాల్లో ఉంటే తుంటి గురించి ఎందుకు? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడం అంటే ఇదే అనుకున్నాను. (ఈ సామెత వాడే అవకాశం కోసం రెండేళ్ళుగా చూస్తున్నాను.) కానీ తుంటి పట్టు తప్పితే మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. ముడి ఉంది.

చిప్ప మీద టేపు కూడా వేసింది. ఆ పద్ధతి 1980ల్లో సిడ్నీ ఫిజియో జెన్నీ మెకానెల్ మొదలుపెట్టినది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడతారు. టేపు నొప్పిని కొన్నాళ్ళు తగ్గిస్తుంది. అసలు పని వ్యాయామాలదే. నాకు ఇచ్చినవి రెండు. ఒకటి, గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు ఉండాలి. నేను ఇంట్లో చేస్తుంటే నాన్న చూసి పడీ పడీ నవ్వాడు. "గోడకుర్చీ! లెక్కలు రాకపోతే మా మాస్టారు ఇదే వేయించేవారు" అన్నాడు. రెండోది కూర్చుని లేవడం. అది గుంజీళ్ళే, చెవులు పట్టుకోవడం లేదు. వినాయకుడి ముందు తీసే గుంజీళ్ళకూ బడిలో శిక్షకూ నేను డబ్బులు కట్టి వచ్చాను.

నొప్పికి ఆవిడ ఒక లెక్క చెప్పింది. పదికి మూడు లోపు ఉంటే చెయ్యి. మర్నాడు పొద్దుటికి మామూలుగా అయిపోతే సరే. అవ్వకపోతే ఈసారి తగ్గించు, మానొద్దు. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మడత దగ్గర ఇరుక్కుపోయినా, కాలు మోపలేకపోయినా అది వేరే సంగతి, అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నేను రెండు వారాలు నడక మాత్రమే నడిచి, మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెట్టాను. సిగ్గుగా అనిపించింది. కానీ పని చేసింది.

ఇప్పుడు కోపం సంగతి. నా కోపం నా మోకాలి గురించి కాదు, అమ్మ మోకాళ్ళ గురించి.

ఆరేళ్ళ కిందట ఇండియాలో ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి అమ్మకు ఆ మాటే చెప్పాడు. మెట్లు ఎక్కొద్దు, కింద కూర్చోవద్దు. అమ్మ సాయంత్రం నడక మానేసింది. పూజకు కింద కూర్చోవడం మానేసింది. మా ఇంట్లో పై అంతస్తు ఇప్పుడు అమ్మకు వేరే ఊరు లాంటిది. ఆరేళ్ళలో నొప్పి తగ్గిందా? పెరిగింది.

అరిగిపోవడం అంటే చెప్పు అరిగినట్టు, సబ్బు అరిగినట్టు. ఎంత వాడితే అంత తగ్గుతుంది. వినగానే ఎవరైనా దాచుకుంటారు. కానీ మోకాలు సబ్బు కాదు. అందులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే ద్రవం నుంచే దానికి పోషణ. బరువు పడినప్పుడు, వదిలినప్పుడు ఆ ద్రవం లోపలికీ బయటికీ కదులుతుంది. అంటే దానికి కదలికే తిండి. ఎక్స్‌రేలో కనిపించే మార్పుకూ నొప్పికీ కూడా సరిగ్గా లెక్క కుదరదు. ఇక పరుగు సంగతి. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సరదాగా పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల ఉంది. పరుగెత్తనివాళ్ళలో 10.2 శాతం. పోటీల్లో పరుగెత్తేవాళ్ళలో మాత్రం 13.3. పరుగు మోకాళ్ళను కాపాడుతుంది అని దీనితో రుజువు కాదు, నాకు తెలుసు. కానీ పెద్దమ్మ చెప్పినంత పాపం అది కాదు. (నేను కూడా పైన అరుగుదల అనే రాశాను. వేరే మాట దొరకలేదు. అదీ సమస్యే.)

డాక్టర్లను పూర్తిగా తిట్టలేను. రెండు నిమిషాల్లో అర్థమయ్యే మాట కావాలి, గుజ్జు అర్థమవుతుంది. కొందరికి చివరికి ఆపరేషన్ నిజంగా అవసరం. అయినా మాటతో పాటు "కానీ నడవండి" అని కూడా చెప్పాలి కదా.

ఇక్కడ గ్లాడ్ అనే కార్యక్రమం ఉంది. డెన్మార్క్‌లో 2013లో మొదలైంది, లా ట్రోబ్ యూనివర్సిటీ 2016లో ఆస్ట్రేలియాకు తెచ్చింది. తుంటి, మోకాలి కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు రెండు పాఠాలు, పన్నెండు వ్యాయామం క్లాసులు, ఆరు వారాలు. దీర్ఘకాలిక సమస్యకు జీపీ ప్లాన్ రాస్తే ఏడాదికి ఐదు విజిట్ల దాకా మెడికేర్ కొంత డబ్బు ఇస్తుంది. ఇదంతా నేను కష్టపడి తెలుగులో అమ్మకు చెప్పాను. అమ్మ అంతా విని, "మృదులాస్థి అనడం కూడా సరిగ్గా రాదు, నాకు మోకాళ్ళ గురించి చెప్తావా?" అంది. నిజమే, నాలుగుసార్లు తడబడ్డాను.

పోయిన ఆదివారం డైనింగ్ కుర్చీ చప్పుడైతే వెళ్ళి చూశాను. అమ్మ టీవీ ముందు కూర్చుని లేస్తోంది, పెదవులతో లెక్కపెట్టుకుంటూ. ఎనిమిది దాకా వచ్చి నన్ను చూసింది.

"అక్కకి చెప్పకు" అంది.