ఈసుకుపోయిన ఆవు సంతకు పోతోంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క టమోటా ముంచినా పాలు ఆదుకుంటాయని మన నమ్మకం. ఆ పాల గురించి ఈ మాట బయటివాళ్లు చెబితే మనకు కోపమొస్తుంది. అందుకే పాడి రైతుగా నేనే చెబుతున్నా.

ఐదారేళ్ల కిందట మా జెర్సీ ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడలేదు. ఉత్త చేత్తో నేనే లాగాను. చచ్చిన దూడను చెరువు గట్టు కింద పారేస్తే కుక్కలు పీక్కుతిన్నాయి. దిష్టి అంది మా అమ్మ. ఆ తర్వాత నాకు సాయంత్రమైతే జ్వరం, రాత్రంతా చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు. చివరికి ఒక డాక్టరు "ఇంట్లో పశువులున్నాయా?" అని అడిగి రక్తపరీక్ష రాశాడు. బ్రూసెల్లోసిస్. ఆరు వారాలు రెండు రకాల మాత్రలు మింగాను.

ఇది కొత్త జబ్బేం కాదు. మాల్టా దీవిలో తెల్ల సిపాయిలు ఏళ్ల తరబడి ఈ జ్వరంతో మంచాన పడ్డారు. 1887లో డేవిడ్ బ్రూస్ క్రిమిని పట్టుకున్నాడు. అది మేకపాలలో వస్తోందని 1905లో తేలింది. మరుసటేడు సైన్యానికి ఆ పాలు ఆపితే జ్వరాలు తగ్గిపోయాయి. మనమేమో ఇప్పటికీ పొదుగు కాడ గ్లాసు పట్టి, బలమని పిల్లలకు నురుగు పాలు తాగిస్తున్నాం. బాగా పొంగనిస్తే చాలు, క్రిమి చస్తుంది.

2019 సెప్టెంబరులో కేంద్రం గాలికుంటుతో పాటు దీనికీ టీకా పథకం పెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు జన్మలో ఒక్కసారి వేస్తే సరి. ఆ వయసు దాటితే అదను పోయినట్టే. కాబట్టి వాళ్లొచ్చేదాకా కాచుకోకుండా దూడ వయసు లెక్కపెట్టి మనమే పోయి అడగాలి.

పాల కేంద్రంలో పూటపూటా వెన్న శాతం చూస్తారు, పాయింటు తగ్గితే పైసలు కోస్తారు. క్యాను పాలలో ఒక చుక్క మందు కలిపితే నీలం వలయం కట్టి ఈ రోగం జాడ చెప్పే పరీక్ష ఉంది. అదీ చేయమని మన సంఘం అడగాలి. కానీ రోగమని తేలిన ఆవుకు నష్టపరిహారం లేకుండా పరీక్ష ఒక్కటే పెడితే ఏ రైతూ నోరు విప్పడు. ఒకటి రెండు ఈతలు పోయాక ఆ ఆవు మామూలుగానే ఈనుతుంది, చూస్తే రోగం కనబడదు, పాలలో మాత్రం క్రిమి పోతూ ఉంటుంది. కబేళాకు పంపలేం, ఊరికే మేపలేం. ఇక మిగిలింది సంతే.

నేనూ అదే చేశాను. జబ్బని తెలిశాకే అమ్మాను. కొన్నాయన కుప్పం అవతలి నుంచి వచ్చాడు. ఎన్నో ఈత, పూటకెన్ని లీటర్లు అని అడిగాడు. ఈసుకుపోయిందా అని అడగలేదు, నేనూ చెప్పలేదు.