పొలమునకు మరలివచ్చిన పక్షి

జపాను దేశపు పేరు రెండు మారులు వచ్చునట్లు శాస్త్రజ్ఞులు నామకరణము చేసిన పక్షి యొకటి కలదు. శాస్త్రమున దానిని నిప్పోనియా నిప్పన్ అందురు. ఆ దేశపు ప్రజలు టోకీ యందురు. మన చెరువు గట్లమీదను మాగాణులలోను కనబడు కంకణముల జాతిలోనిదే యది. తెల్లని యొడలు, ఎఱ్ఱని ముఖము, క్రిందికి వంగిన పొడవాటి ముక్కు, రెక్క విప్పినపుడు లోపల గులాబి కలసిన కాషాయపు చాయ. ఆ చాయకు జపాను భాషలో ఈ పక్షి పేరే పేరు. దేశము పేరు మోసిన యీ పక్షి ఆ దేశమునందే వంశనాశము పొందినది. పొరుగు దేశము దయచేసిన జంటవలన మరల కలిగినది. ఇది పక్షి ప్రియులకు మాత్రమే పనికివచ్చు వృత్తాంతము కాదు. వరి పండించువారికిని, అడవిశాఖను నడపువారికిని ఇందు తెలిసికొనవలసినది చాల గలదు గావున ఇచట ముచ్చటించుచున్నాము.

టోకీని చూడగోరువారు నీగాతా రేవున ఓడ నెక్కి, రెండున్నర గంటల ప్రయాణము చేసి, సాడో ద్వీపమున రియోత్సు రేవున దిగవలెను. పూర్వము చక్రవర్తిని సైతము బహిష్కరించి పంపిన దీవి యిది. బంగారు గనులకును ప్రసిద్ధికెక్కినది. రెండు కొండల వరుసల నడుమ వరిపొలముల మైదానము పరచుకొని యుండును. ఆ మైదానపు టంచున, నీబో గ్రామప్రాంతమున, టోకీ సంరక్షణ కేంద్రమున్నది. ప్రక్కనే సందర్శకులకై యేర్పరచిన వనములో 2013 నుండి అద్దపు గోడ యొకటి యున్నది. పక్షులకు మనము కనబడము. పక్షులు మాత్రము మూరెడు దూరమున తిరుగుచు, గూడు కట్టుచు, బురదలో ముక్కు గ్రుచ్చి మేత వెదకుచు కనబడును. చూచువారు ముచ్చట పడుదురు. అయితే అద్దపు గోడను చూచి మరలివచ్చినవారు ఈ కథలో సగమే చూచినవారని మా యభిప్రాయము. తక్కిన సగము గోడ కావల పొలములలో నున్నది.

టోకీకిని రైతునకును పూర్వము మైత్రి లేకుండెను. నాట్లు వేసిన మడిలో దిగి నారును త్రొక్కు పక్షియని రైతులు దానిని తరిమివేయుచుండిరి. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున తుపాకులు జనుల చేతికి వచ్చినవి. ఈకలకు బజారున గిరాకి యేర్పడినది. పక్షులు మందలు మందలుగా కూలినవి. 1908లో వేట నిషేధించిరి. 1934లో దానిని ప్రకృతి స్మారకముగ ప్రకటించిరి. 1952లో ఆ గౌరవమును మరియొక మెట్టు పెంచిరి. బిరుదులు పెరుగుచుండగా పక్షులు తరుగుచుండెను. యుద్ధానంతరము పురుగుమందులు వచ్చి పొలములోని కప్పలను, సన్నచేపలను, పురుగులను తుడిచిపెట్టగా మిగిలిన కొలదిపాటి పక్షులకు మేతయే కరవైనది.

1967లో సాడోలో సంరక్షణ కేంద్రము పెట్టిరి. మరుసటి యేడు ఉజి కింతారో అను నొక స్థానికుడు, తన చేతి మేతతో మచ్చిక చేసిన యొక పక్షిని పట్టి కేంద్రమునకు ఒప్పగించెను. ఆతని పేరిట దానికి కిన్ అని పేరిడిరి. 1981లో ద్వీపమున మిగిలిన అయిదు పక్షులను గూడ వలవేసి పట్టి పంజరమున చేర్చిరి. అంతటితో జపాను ఆకాశమున టోకీ లేదు. పంజరములోని ప్రయత్నము లొక్కటియు ఫలింపలేదు. తక్కిన వన్నియు పోగా కిన్ ఒంటరిగా మిగిలెను. అది 2003 అక్టోబరులో, వార్ధక్యముచే కదలలేక యుండిన దానవు, ఒకనాటి యుదయమున హఠాత్తుగా పైకెగిరి తలుపునకు తల కొట్టుకొని మరణించినది. ఆ జాతికి జపానులో పుట్టిన పాతవంశ మంతటితో ముగిసెను.

1981లోనే, మూడేండ్లు దేశమంతయు గాలించిన చైనా శాస్త్రజ్ఞుడు ల్యూ యిన్‌జెంగ్ షాంసీ రాష్ట్రమున యాంగ్ జిల్లా కొండలలో ఏడు టోకీలను కనుగొనెను. నేడు లోకమున నున్న టోకీలన్నియు ఆ ఏడింటి సంతతియే. 1999 జనవరిలో చైనా ప్రభుత్వము యూ యూ, యాంగ్ యాంగ్ అను జంటను జపానునకు బహూకరించినది. ఆ వసంతముననే సాడోలో పిల్ల పుట్టెను. ఈ రెండు దేశముల నడుమ నడచిన రక్తపాతమును చదివినవా రెవ్వరును ఈ బహుమానమును సామాన్యముగ నెంచజాలరు. స్వదేశాభిమానము మెండుగా గల జపానువారు తమ దేశము పేరు గల పక్షిని పరుల చేతినుండి స్వీకరించుటకు సిగ్గుపడలేదు. అది వారి వివేకమునకు తార్కాణము.

తరువాత చేసిన పని యోర్పుతో చేసినది. పంజరమున పుట్టిన పక్షికి ఎగురుట, మేత వెదకుట, మందలో మెలగుట తెలియదు గావున 2007లో ప్రత్యేకముగ నొక శిక్షణశాల నెలకొల్పి, విశాలమైన వలపందిరి క్రింద మడులు, చెట్లు అమర్చి, ఇంచుమించు మూడు నెలలు వాటిని అలవాటు చేసిరి. 2008 సెప్టెంబరు 25వ తేదీన పది పక్షులను విడిచిరి. 2010లో ముంగిసను బోలిన మార్టెన్ అను జంతువు పందిరిలో దూరి తొమ్మిది పక్షులను పొట్టనబెట్టుకొనగా పెద్ద యలజడి కలిగెను. సందులను మూసి పని సాగించిరి. 2012లో స్వేచ్ఛగా గూడు కట్టిన జంటల పిల్లలు ఎనిమిది ఎగిరినవి. 2019లో ప్రభుత్వము 'అడవిలో నశించినవి' యను పట్టికనుండి టోకీని తీసివేసినది. సాడోలో స్వేచ్ఛగా తిరుగు టోకీల సంఖ్య అయిదు వందలు దాటినది.

ఇక పొలముల సంగతి. టోకీకి మేత మడిలోని బురదలో దొరకవలెను, అదియు సంవత్సరము పొడుగునను దొరకవలెను. వరి పెరుగుచుండగా నడుమ నొకమారు నీరు తీసి మడిని ఆరగట్టు ఆచారము అచట గలదు. అప్పుడు తోకకప్పలును చేపలును చచ్చును. అందులకై గట్టు వెంబడి లోతుగా నొక కాలువ త్రవ్వుదురు. మడి యారినపుడు ప్రాణు లందు తలదాచుకొనును. కొందరు రైతులు కోతలైన పిమ్మట శీతకాలమున గూడ నీరు నిలుపుదురు. కొందరు కాలువనుండి చేపలు మడిలోనికి ఎక్కివచ్చుటకు మెట్లవంటి దారి కట్టుదురు. పురుగుమందులును రసాయనపు టెరువులును ఆ ప్రాంతపు వాడుకలో సగమునకు మించి వాడరాదు. గట్లమీద కలుపుమందు చల్లరాదు. ఏటికి రెండు మారులు రైతే మడిలో దిగి ఏయే ప్రాణు లున్నవో లెక్క వ్రాసికొనవలెను. ఈ షరతులకు లోబడి పండించిన బియ్యమునకు సాడో నగరపాలకులు ముద్ర వేయుదురు. ఆ ముద్రగల బియ్యమునకు ఎక్కువ వెల పలుకును. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ ద్వీపపు సేద్యమును లోకమున పేరెన్నికగన్న వ్యవసాయ వారసత్వములలో నొకటిగ గుర్తించినది.

ఇందు మాకు ముఖ్యముగ తోచునది వెల సంగతి. రైతు నష్టపడి పక్షిని పోషింపవలెనని సాడోలో నెవరును ధర్మబోధ చేయలేదు. మందు తగ్గించినచో దిగుబడి తగ్గును; కాలువ త్రవ్వినచో కొంత నేల పోవును; కలుపు చేతితో తీసినచో కూలి హెచ్చును. ఆ నష్టమును బియ్యము కొనువాడు భరించుచున్నాడు. నారు త్రొక్కుననెడి పాత ఫిర్యాదు పూర్తిగ మాయమైనదని చెప్పము గాని, తన బస్తామీద పక్షి బొమ్మ యున్న రైతు ఆ పక్షిని తరుముటకు ముందు కొంచెమాలోచించును. అయినను అచటను దిగులు లేకపోలేదు. 1950లో లక్షా ఇరువదియైదు వేలున్న ద్వీపజనసంఖ్య నేడు సగమునకంటె తక్కువ. పిల్లలు పట్టణములకు పోగా ముసలివారు దున్నలేక విడిచిన కొండమడులు బీడు పడుచున్నవి. దున్నువాడు లేని మడిలో నీరు నిలువదు. నీరు లేనిచోట టోకీ వాలదు.

మన యింటి సంగతికి వత్తము. కర్నూలు సీమలోని రోళ్లపాడున 1988లో బట్టమేక పిట్టకై అభయారణ్య మేర్పరచిరి. నేడచట ఆ పక్షి దాదాపు కానరాదు. దేశమంతట స్వేచ్ఛగా మిగిలినవి నూటయేబదికంటె తక్కువ, అవియు హెచ్చుగా రాజస్థానపు టెడారిలోనే. 2019లో జైసల్మేరు ప్రాంతమున సామ్ అనుచోట సంరక్షణ కేంద్రము నెలకొల్పి, ఎడారినుండి తెచ్చిన గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. 2024లో కృత్రిమ పద్ధతిచే గర్భధారణ గావించి పిల్లను పొందిరి. ఈ కృషి మిక్కిలి కొనియాడదగినది. అయితే ఆ పిల్లలను ఏ నేలమీద విడుతురు? బట్టమేక పిట్ట మడిలో బ్రదుకునది కాదు. పచ్చికబయలును మెట్టచేనును దానికి కావలయును. రోళ్లపాడున పక్షి తగ్గుచుండగా రక్షణవలన జింకలు పెరిగి చుట్టుపట్ల చేలను మేసినవి. పంట పోయినవానికి అభయారణ్యమన్నచో కోపము పుట్టుటలో వింత లేదు. మధ్యప్రదేశమున కరేరాలో సొంత భూములు అమ్ముకొనుటకు సైతము చిక్కులు కలుగగా రైతులు విసిగిరి, పక్షియు పోయినది, కడకు అభయారణ్యమునే రద్దు చేయవలసివచ్చినది.

కావున మన ప్రభుత్వము వలపందిళ్లకు ధనము కేటాయించునపుడే మెట్టరైతు లెక్కను గూడ వేయవలెనని కోరుచున్నాము. జింక మేసిన చేనికి ఆ పంటకాలముననే పరిహారము చేతికందవలెను. పచ్చికబయలును దున్నక విడిచిన పట్టాదారునకు ఏటేట కౌలు చెల్లింపవలెను. బట్టమేక పిట్ట తిరుగు చేలలోని జొన్నకును కందికిని ముద్ర వేయించి మంచి వెలకు అమ్మించు మార్గము వెదకవలెను. సామ్‌లో పుట్టిన పిల్ల పెరిగి పెద్దదగుటకు కొన్నియేండ్లు పట్టును. రోళ్లపాడు చుట్టునున్న గ్రామముల పెద్దలను పిలిచి మాటలాడుటకు అంత గడువు అక్కరలేదు; ఈ వేసవిలోనే యారంభింపవచ్చును.