పంటి బిగువు

నెల్లాళ్ళ క్రితం ఒకనాటి పొద్దున్న ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదు. బొత్తిగా తాళం పడిందని కాదు. వానాకాలంలో ఉబ్బిన వీధి తలుపు సగందాకా వచ్చి ఆగినట్టు ఆగిపోయింది. బలవంతాన తోస్తే కుడి చెవి ముందు టక్కుమని చప్పుడైంది. కణతదాకా ఒక సలుపు పాకింది. నోరే జీవనాధారమైన వాణ్ణి. ఇడ్లీకే యిలా అయితే పది గంటలకు క్లాసులో సమాసాలు విప్పడం యెలాగా అని బెంగ పట్టుకుంది.

"చెవిపోటై వుంటుంది. వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తా, పడుకోండి" అంది మా ఆవిడ. ఆ గరిటె చూసి, తప్పించుకుని చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెవిలోకి దీపం వేసి చూసి, "చెవి శుభ్రంగా వుంది మాస్టారూ, మీరు వెళ్ళవలసింది పళ్ళ డాక్టరు దగ్గరికి" అన్నారు. చెవి నొప్పికి పళ్ళ వైద్యమేమిటని నాకు నవ్వొచ్చింది గాని, నవ్వడానికి కూడా దవడ సహకరించలేదు.

మీరూ ఒకసారి చూడండి. చెవి తమ్మెకు కాస్త పైన, చెవికి ముందుగా రెండు వైపులా వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూయండి. వేళ్ళ కింద ఏదో కదులుతుంది గదా, అదే దవడ కీలు. మోకాలిలా ముడుచుకుని తెరుచుకోవడంతో దీని పని సరిపోదు. నోరు పెద్దగా తెరిచినప్పుడు కింది దవడ యెముక ముందుకు జారుతుంది కూడా. తలుపు బందూ, సొరుగూ కలిసి ఒకటే అయినట్టన్న మాట. రెండు యెముకల మధ్యా ఒక మెత్తటి బిళ్ళ వుంటుంది. అది చోటు తప్పితే టక్కుమంటుంది. నొప్పిలేని ఒట్టి చప్పుడుకు వైద్యం అక్కరలేదట. చాలామందికి వుంటుందట.

కీలు చెవి పక్కనే కాపురం వుంటోంది గనుక, దాని బాధ చెవి బాధలా కనిపిస్తుంది. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు యీ సంగతి రాశాడు. దవడ పళ్ళు వూడిపోవడమే దీనికంతకూ మూలమన్నాడు. ఆ కారణం తరవాత నిలవలేదు గాని, చాలాకాలం యీ జబ్బు ఆయన పేరుతోనే చలామణీ అయింది.

నాకు పళ్ళేమీ వూడలేదు. పళ్ళ డాక్టరమ్మ నా చెంపలు నొక్కి చూసి, "కీలు కంటే కండరాలు యెక్కువ నొప్పి పడుతున్నాయి. మీరు పళ్ళు బిగిస్తారా?" అని అడిగింది. లేదన్నాను. పక్కనే వున్న మా ఆవిడ, "రాత్రిళ్ళు కందులు విసురుతున్నట్టు వినపడుతుందమ్మా" అని సాక్ష్యం చెప్పింది. ఇరవై యేళ్ళుగా ఒక్కనాడూ నాతో యీ మాట అనలేదు!

"పగలు కూడా చూసుకోండి" అంది డాక్టరమ్మ. "అన్నం నమిలేటప్పుడూ, గుటక వేసేటప్పుడూ తప్ప పైపళ్ళూ కిందిపళ్ళూ కలవకూడదు."

నలభై ఆరేళ్ళొచ్చాయి, నాకీ ముక్క తెలీదు. పెదవులు మూస్తే పళ్ళూ మూసుకోవాలనే అనుకుంటున్నాను. ఆమె చెప్పిన ఉపాయం ప్రకారం మా ఆవిడ బొట్టుబిళ్ళ ఒకటి చేతి గడియారం మీద అంటించుకున్నాను. అది కంటబడ్డప్పుడల్లా పళ్ళ సంగతి చూసుకోవాలి. చూసుకుంటే యేముంది, పేపర్లు దిద్దుతూ బిగింపు, బస్సు కోసం నిలబడి బిగింపు, ఇంటి వాటా విషయమై మా అన్నయ్య ఫోను వస్తే మరీ బిగింపు. అన్నయ్యతో యెదురు మాట్లాడే అలవాటు నాకు లేదు. అనలేని మాటలన్నీ దవడ నములుకుంటోందన్న మాట.

పిల్లలకు జాతీయాలు చెబుతూ వుంటాను. పంటి బిగువున ఓర్చుకోవడం, పళ్ళు పటపట కొరకడం. ఇవన్నీ అలంకారాలనుకున్నాను గాని, రోగ లక్షణాలని యెన్నడూ తోచలేదు.

అయితే మందు కూడా వర్ణమాలలోనే దొరికింది. "మ" అని పెదవులు కలిపి అలాగే వుండండి. పెదవులు కలిశాయి, పళ్ళు కలవలేదు. ఇప్పుడు నెమ్మదిగా "న" అనండి. నాలిక కొన పైపళ్ళ వెనక్కి చేరింది, దవడ వదులైంది. నాలిక అక్కడ, పళ్ళు యెడంగా, పెదవులు మూసి వుండడమే దవడకు విశ్రాంతి. డాక్టరమ్మ పది నిమిషాలు చెప్పింది నాకు ఓష్ఠ్యం, దంత్యం అనగానే తలకెక్కింది.

తక్కినవి పెద్ద చిట్కాలు కావు. కొన్నాళ్ళు పెరుగన్నం, మెత్తటి పప్పు. జంతికలూ చెరుకు ముక్కలూ వద్దు. వేడినీళ్ళలో పిండిన తువ్వాలు పావుగంటసేపు చెంపకు కాపడం. ఆవులింత వస్తే గెడ్డం కింద పిడికిలి ఆనించడం. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కూరగాయలు తరక్కపోవడం (ఇది మా ఆవిడకు). రాత్రి పళ్ళు నూరేవారికి పళ్ళు అరిగిపోకుండా ఒక తొడుగు చేసి యిస్తారు. చాలామందికి కొద్ది వారాల్లో యీ మాత్రంతోనే తగ్గుతుంది గనుక, పళ్ళు అరగదీయిస్తామనీ, కీలుకు కోత పెడతామనీ యెవరైనా తొందరపెడితే ఇంకొకరి సలహా అడగండి.

కాని ఒక మాట. నడిచినప్పుడు దవడ లాగుతూ, గుండెల్లో బరువూ చెమటా వుంటే అది దవడ గొడవ కాదు, గుండెది. తక్షణం ఆస్పత్రికి పోవాలి. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమలగానే దవడ అలిసిపోతూ, చూపు మసకేస్తే ఆ రోజే చూపించుకోవాలి.

డాక్టరమ్మ మరో పరీక్ష నేర్పింది. ఎవరి చేతివేళ్ళు మూడు, ఒకదాని మీద ఒకటిగా, వారి ముందుపళ్ళ మధ్య పట్టాలి. నాకు రెండున్నర పట్టాయి. ఇంటికొచ్చి అందరిచేతా వేళ్ళు పెట్టించాను. మా అమ్మాయికి మూడు, మా ఆవిడకు మూడు. ఆదివారం భోజనానికొచ్చిన మా బావమరిదిని, "యేదీ, నువ్వూ చూపించు" అన్నాను. అందరం నవ్వుతున్నాం. అతనికి ఒకటిన్నర వేలు పట్టింది.

"నాకంతేలే బావా" అన్నాడు తేలిగ్గా. దవడ నొప్పా అంటే లేదన్నాడు. ఆ నవ్వులో మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఏడాదిగా అతను వచ్చినప్పుడల్లా "అక్కయ్యా, కూరలో కారం తగ్గించు, నోరు మండిపోతోంది" అంటున్నాడు. ఆవిడేమో, పెళ్ళయ్యాక నా వంట రుచించడంలేదని నొచ్చుకుంటోంది. అతని జేబులో యెప్పుడూ వక్కపొడి వుంటుంది. పొగాకు ముట్టడు, అందుకని ఎవరం యేమీ అనలేదు.

ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. వక్క యేళ్ళ తరబడి నమిలితే బుగ్గల లోపలి పొర మెత్తదనం పోయి, తెల్లబారి, తాళ్ళు పేనినట్టు బిగిసిపోతుందట. అది కొందరిలో కాన్సరుగా మారవచ్చు. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే చాలు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని కాన్సరు కారకాల్లో చేర్చింది. డాక్టరమ్మ లోపల పరీక్ష చేస్తున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చున్నాను. గడియారం చూసుకుంటే బొట్టుబిళ్ళ కనిపించింది. పళ్ళు బిగిసే వున్నాయి.

అనుమానించదగ్గ పుండేదీ లేదని చెప్పింది. బిగిసింది పూర్తిగా మునుపట్లా కాదు. వక్క మానాలి, నోరు సాగదీసే కసరత్తు రోజూ చెయ్యాలి, ఆర్నెల్లకొకసారి చూపించుకోవాలి. వక్కపొడి డబ్బా అతనే తీసి మా ఆవిడ చేతికిచ్చాడు.

నా దవడ నయమే. మా బావమరిది ప్రతి ఆదివారం రాగానే, కాఫీకంటె ముందు, వేళ్ళు నోట్లో పెట్టుకుని వాళ్ళక్కయ్యకు చూపిస్తున్నాడు. ఇంకా రెండు నిండలేదు. ఆవిడ అతనికి కూర కారం వెయ్యకముందే వేరే గిన్నెలోకి తీసి వుంచుతోంది.