నిద్ర లేచిన బండికి కుదుపు

లడఖ్‌లో మోటార్ సైకిల్‌కు ఏడాదిలో కొన్ని నెలలు సెలవే. మంచు కమ్మేసరికి మనాలీ-లేహ్ రోడ్డు మూతపడుతుంది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం ప్రారంభమయ్యాక రోహ్‌తాంగ్ బెడద తీరినా, ఆపైనున్న బారాలాచా కనుమ చలికాలంలో వాహనాలను రానివ్వదు. అద్దె బళ్లూ, సొంత బళ్లూ టార్పాలిన్ల కింద ముడుచుకుంటాయి. మంచు కరిగాక బ్యాటరీ బిగించి కిక్కు కొడితే ఇంజన్ మోగుతుంది. యజమాని సంబరం మొదటి మలుపు దాకానే. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే బండి ముందు తటపటాయిస్తుంది, ఆ వెంటనే ఎగిరి దూకుతుంది. ఓ పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న దారిలో ఆ దూకుడు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది ప్లగ్గు మారుస్తారు, లాభం లేకపోతే కార్బొరేటరే మార్చేస్తారు. ముందు తేల్చుకోవలసింది కుదుపు ఎప్పుడు వస్తోందన్నది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ అందుకునే క్షణంలో ‘టక్’మని కొడితే అనుమానం చైన్ మీద, కేబుల్ మీద. కొద్దిగా తిప్పినప్పుడే ఊపిరాడనట్టు ఆగితే పెట్రోలు మీద. ఏ వేగంలోనైనా, ఏ క్రమమూ లేకుండా తెగిపోతుంటే కరెంటు మీద.

పైసా ఖర్చు లేని పరీక్షలు మొదట చేయాలి. తిప్పి వదిలిన యాక్సిలరేటర్ ఠక్కున వెనక్కి రావాలి. రాకపోతే కేబుల్ తొడుగులో తేమ చేరి తుప్పు పట్టిందని అర్థం. ఆ బండిని రోడ్డెక్కించనే కూడదు. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినప్పుడు శబ్దం పెరిగితే కేబుల్ బిగుసుకుందన్న మాట. చక్రాన్ని చేత్తో తిప్పితే చైన్ ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉందా? ఎండిన లింకులు పట్టేశాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కూడా తెరిచి చూడాలి. వెచ్చదనం వెతుక్కునే ఎలుకలకు అది మంచి ఇల్లు.

అయితే నెలల తరబడి నిలిపిన కార్బొరేటర్ బళ్లలో ఎక్కువసార్లు దొరికే దొంగ పైలట్ జెట్. నిల్వ ఉన్న పెట్రోలులో తేలికైన భాగం ఆవిరై, జిగురు మిగులుతుంది. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు లోపే కాబట్టి మొదట అదే పూడుతుంది. మెయిన్ జెట్ పెద్దది కనుక పూర్తిగా తిప్పితే బండి సాఫీగా పోతుంది. పరీక్ష సులువు. వేడెక్కిన ఇంజన్‌కు చోక్ కొద్దిగా లాగినప్పుడు కుదుపు తగ్గితే పెట్రోలు చాలడం లేదని రూఢి అయినట్టే. జెట్ శుభ్రం చేసినా అదే తీరైతే, చలికి పగిలిన ఇన్‌టేక్ రబ్బరు గుండా గాలి చొరబడుతుందేమో చూడాలి. జెట్‌ను తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదై కొత్త రోగం వస్తుంది. ఐడ్లింగ్ స్క్రూ బిగించి సర్దుకుపోవడం రోగాన్ని దాచడమే.

ఎత్తు మరో తికమక పెడుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. గాలి పలచనై, మైదానం కోసం సరిచేసిన కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువిస్తుంది. అందుకే సగం పూడిన జెట్ లోపం అక్కడ కొంత కప్పడిపోయి, కొండ దిగేకొద్దీ ముదురుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బొరేటర్ స్థానాన్ని దాదాపుగా ఇంజెక్షన్ ఆక్రమించింది. అక్కడ మొదట చూడవలసింది బ్యాటరీ. నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గదు. అది నీరసిస్తే పెట్రోలు పంపు, సెన్సర్లు కూడా తడబడతాయి. ఇంజన్ హెచ్చరిక దీపం వెలుగుతుంటే సర్వీసు సెంటరుకు తీసుకెళ్లి కోడ్ చదివించడమే మార్గం. నీటి బెడద అన్ని బళ్లకూ ఉంది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. అది తేమను పీల్చుకుంటుంది, హద్దు మీరితే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. అనుమానముంటే ట్యాంకు అడుగు పెట్రోలును గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే నిజం తేలిపోతుంది.

హైదరాబాద్‌లో మంచు పడదు. కానీ 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి కదలని బండి పెట్రోలుకు ఆ తేడా తెలియదు. ఊరెళ్లేవారైనా, ఉద్యోగానికి విదేశం వెళ్లేవారైనా పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేయాలి. చైన్‌కు నూనె పట్టించి, బ్యాటరీ విప్పాలి. ఓ అరగంట పని. కొండ మలుపులో బండి మాట వినాలంటే ఆ అరగంట తప్పదు.